నాలుగో నంబరు మాలు

టోల్‌గేటు కాడ డీసీఎం వ్యాన్ల దొరికింది.
బియ్యం సంచుల కింద, పాత చీరల సుట్టి,
రెండు కిలోల మూడు వందల గ్రాములు.
పంచనామాల రాసిండ్రు:
"తిమింగలం కక్కు అని చెప్పబడుచున్న పదార్థం."
నకిరేకల్ కోర్టు మాలఖానాల
నా తాళం కిందికొచ్చింది.

ఒకదిక్కు గొర్ల పంచాదిల తల పగలగొట్టిన కర్ర,
ఇంకోదిక్కు పేకాట పైసలు,
నడుమ సముద్రం.

నేను సముద్రం జూడలే.
మూసీ గేట్లెత్తంగ జూసిన, దాని నురుగు జూసిన, అంతే.
అయినా పొద్దుగాల తలుపు తీయంగనే
ముక్కుకు ఉప్పు తగిలేది.
సీలు మీది లక్క కరుగుతదని
కిటికీకి గోనెపట్ట కట్టిన.

వాయిదానాడు డ్రైవర్ లింగస్వామి వకీలు లేచిండు:
"చేపను చంపలేదమ్మా,
కక్కింది ఒడ్డుకొస్తే ఎవరో ఏరుకున్నరు,
పిడకలేరినట్టు. ఇదేం నేరం?"
జడ్జమ్మ అద్దాలు తీసి తుడుచుకున్నది.
"చేప కాదు వకీలుసాబ్, పిల్లకు పాలిస్తది.
కక్కుకు ధర గడితే
కడుపుకు కత్తెంత దూరం?"

ఆ రాత్రి చట్టం పుస్తకం ఇంటికి తెచ్చుకున్న.
డెబ్బై రెండుల జేసింది. మొదటి షెడ్యూలు.
మా గుట్టల అలుగు, మా చెల్కల నెమలి,
వాటెంబడే తిమింగలం, సముద్రపు ఆవు,
ఒక్క రేషన్‌కార్డు మీది పేర్లోలె.

దేశాలన్నీ కూసొని సంతకాలు వెట్టిన కాగితం ఇంకొకటున్నదని
బీటాఫీసర్ నాగమణి చెప్పింది.
"గంత పెద్ద జీవానికి సంతకాలెందుకు మేడం?"
"దానికి పాస్‌పోర్టు లేదు కదన్నా.
ఒక దేశం నీళ్లల్ల బతికి
ఇంకో దేశం నీళ్లల్ల ఈటెకు దొరుకుతది."

ఎనిమిది నెలలకు ల్యాబు రిపోర్టొచ్చింది.
మైనం. ఇంత అత్తరు.
కేసు మోసం కిందికి మారింది.
లింగస్వామి కోర్టు మెట్ల మీద కూలబడి నవ్విండు,
కిరాయి పన్నెండు వందలు ఇంకా రాలేదన్నడు,
అటెన్క మొఖానికి తువ్వాల అడ్డం వెట్టుకున్నడు.

నాకు సిగ్గయింది.
సముద్రమెట్లుంటదో తెల్వనోనికి
కొవ్వొత్తి సుత ఉప్పు వాసనే.

కానీ ఎనిమిది నెలలు
ఇంత మెట్ట నేల మీద
లేని జీవం కోసం ఒక బీరువా
పండ్లు బిగబట్టుకొని నిలబడ్డది.

ఆ అరలకు పేకాట పైసలు జరిపిన.
గోనెపట్ట విప్పలే.