ఒంటి చెప్పు

నాచు పరిచిన తీగబుట్ట
మౌలాలిలో, మా రెండో అంతస్తు బాల్కనీలో
బట్టల కొక్కేనికి వేలాడుతోంది.
బోరు నీళ్లకి ఆకు కొసలు మాడాయి.
ఉప్పు పడదట దీనికి.

పైవాళ్ల ఏసీ కారుతోందని
నిరుడు మేలో ఇక్రాముద్దీన్ గారితో
మెట్ల మీదే కొట్లాడాను.
ఈ మేలో ఆ చుక్కల కిందే బకెట్ పెట్టి
నిద్రలో కూడా లెక్కపెట్టాను.

పిగిలిపిట్ట నాచు పీక్కుపోయేది, గూటికి కాబోలు.
తిట్టుకుంటూ మళ్లీ కుక్కేదాన్ని.

డిసెంబర్లో విచ్చుకుంది:
రేకుల మీద పుట్టుమచ్చలు,
కింద, ఒక్కటే చెప్పు.
ఏసీ ఆగి రెండు నెలలు.
దాచిన సీసాలో గుక్కెడే మిగిలింది.

బుట్ట దించుకుని పైకెక్కాను.
వాళ్ల గుమ్మం ముందు
నా చెప్పులు విప్పాను.
దాన్ని మాత్రం
లోపలికి తీసుకెళ్లాను.