ఆల్టరేషన్

మధ్యాహ్నం ఒంటిగంట నించి నాలుగు దాకా
ఉమ్ముల్ ఖువైన్ బజారంతా షట్టర్ల వెనక పడుకుంటుంది.
నేను మాత్రం
కుట్టుమిషను అంచుకు బిగించిన పట్టకారులో
గాలం ముల్లు పెట్టుకుని కూర్చుంటాను.

తెల్ల మేకవెంట్రుకలు, చిటికెడు.
వాటిమీద ఆకుపచ్చవి, మరీ కొంచెం.
పక్కలకి, అబాయా చేతులకు కుట్టగా మిగిలిన
వెండిజరీ రెండు పోగులు.
దారం బిగిస్తే తల,
వదిలితే తోక.

ఖల్ఫాన్ గారు మొదట్లో ఏదో బొమ్మ చూపించారు.
బొమ్మెందుకండీ, నాకు నెత్తళ్లు తెలీవా?
భావనపాడు ఇసకలో ఎండబోసి
కాకుల్ని తోలిన చేతులివి.
వెన్ను పచ్చదనం ఎంతవరకో,
పొట్ట తెలుపు ఎక్కడ మొదలో
వేళ్లకే గుర్తు.

కన్ను ఆఖర్న.
జిగురు చుక్క మీద నల్లపూస.
పెద్దదుండాలట,
వంజరం దాన్ని చూసే దూకుతుందట.
పెట్టాక అటు తిప్పి ఉంచుతాను,
అది చూస్తూంటే నాకు అన్నం సాగదు.

నిన్న మళ్లీ వచ్చారాయన,
అరచేతిలో తోక తెగిన నా చేప.
"చాలా పెద్దది. తెంపుకుపోయింది" అని,
నవ్వి,
"ఆల్టరేషన్" అన్నారు.

పదకొండేళ్లుగా ఎవరెవరి కొలతలో రాశాను కదా,
అలవాటుగా మెడలో టేపు తీశాను.
కాటు, ఇంచీన్నర.
చీటీ మీద అదీ రాశాను.
పేరు దగ్గర కాసేపు ఆగి
వంజరం అని రాసి
గురువారం రమ్మన్నాను.