ఎనభై కోట్ల ఏళ్ల సందు

ఘాట్ రోడ్డు మలుపులో బండి ఆపినావు.
ఇక్కడ ఆపకూడదు.
వెనకొచ్చిన బస్సు హారన్ మోగించి
మనల్ని తిట్టుకుంటా పైకి పోయింది.
"రెండు నిమిషాలేమే" అన్నావు
హెల్మెట్ తీసి చంకలో పెట్టుకొని,
ఎవురో పెద్దాయన ముందర నిలబడినట్టు.

బోర్డు మీద అక్షరాలు సగం వెలిసినాయి.
కింద రాయి ఒక కాలందంట,
దాని మింద కూర్చున్న రాయి ఇంకో కాలందంట,
నడుమ ఎనభై కోట్ల ఏళ్లు లేవంట.
వానకీ గాలికీ కొట్టుకుపోయినాయంట,
లెక్క చెప్పేదానికి ఒక్క రేణువు మిగల్లేదంట.

నువ్వు ఆ సందులో వేలు పెట్టినావు.
"ఎన్ని కోట్లో చూడు, ధనకోటీ" అని నవ్వినావు.
ముప్పై ఏళ్ల నాటి జోకు. అయినా నవ్వినాను.

పోయినేడు జావాలో అగ్నిపర్వతం ఎక్కినాం గుర్తుందా.
పదేళ్ల చీటీ దుడ్లు, రెండు కొత్త పాస్‌పోర్టులు,
నా సంచిలో ఊరుబిండి, నీ జేబులో మోకాళ్ల మందు.
రాత్రి ఒంటిగంటకి నుదుటికి లైట్లు కట్టుకొని
బూడిదలో కాళ్లు దిగబడతా, జారతా
తెల్లారేటప్పటికి అంచు మింద నిలబడితే
మబ్బు.
మబ్బు వెనక మబ్బు.
స్టేషన్ కాడ గుడ్ల బండి వాసన.
గైడు పిల్లోడు ఏడుపు మొగం పెట్టి
"కిందనే ఉండాది, మిస్టర్ చెంగల్, నమ్మండి" అని
చేతుల్తో నిప్పును గీసి చూపించినాడు.
"తిరప్తోళ్లకి చెప్తావా నాయనా" అన్నావు తెలుగులోనే,
"ఒక్క చిటికె దర్శనానికి పద్దెనిమిది గంటలు నిలబడేటోళ్లం!"
వాడికేం అర్థమైందో, వాడూ నవ్వినాడు.

వచ్చినాక చంద్రగిరి దావలో
తెల్ల బండల నడుమ నల్లటి రాతి గోడ చూపించినావు.
బస్సెక్కిన కాలేజీ సారెవరో నీకు చెప్పినాడంట:
భూమి లోపల్నించి లావా వచ్చింది, వచ్చింది,
పైకి రాలేకపోయింది,
పగుల్లోనే నల్లగా పేరుకుంది.
"టిక్కెట్టు లేని అగ్నిపర్వతం" అన్నావు.
నేను దాని మింద కూర్చొని సంగటి ముద్ద తిన్నాను.
ఎండకి కాలింది, అంతే.

తలకోనలో మనిషి తొడంత తీగ పట్టుకొని ఊగినావు,
ఫారెస్టోళ్లు కేకలేసేదాకా.
పులికాట్ గట్టున నేను ఎర్రరెక్కల కొంగల్ని లెక్కపెట్టి
నూట పన్నెండు కాడ తప్పిపోతే
"మళ్లీ మొదులుపెట్టు, తొందరేముండాది" అన్నావు.
తూపిలిపాళెం సముద్రంలో నా చెప్పు ఒకటి పోయింది.
రెండోది నువ్వే విసిరేసినావు,
దొరికినోళ్లకి జత ఉండాలని.

ఇదంతా ఆ మూడేళ్ల తర్వాత.
నేను పలమనేరులో, అక్క ఇంట్లో.
నువ్వు కొర్లగుంటలో, స్టవ్వు మింద మాడిన గిన్నెతో.
మాటల్లేవు. ఉత్తరం లేదు. ఫోనూ లేదు.
ఎందుకని ఇప్పుడడిగితే
ఇద్దరం వేరువేరు కారణాలు చెప్తాం.
నీది బెంగళూరు డ్యూటీ.
రాత్రి పదకొండుంబావుకి
మా వీధి చివర నీ బస్సు పొయ్యేది.
ఎప్పుడూ ఆపలేదు నువ్వు.
హారన్ మాత్రం రెండుసార్లు కొట్టేవాడివి,
బాకీ కట్టినట్టు.
నేను లైటు ఆర్పేదాన్ని.
నువ్వు చూసినావో లేదో ఇంతవరకూ అడగలేదు.

సందులోంచి బల్లి ఒకటి తొంగి చూసింది,
బంగారు బల్లో మామూలుదో,
ఎనభై కోట్ల ఏళ్లలోకి తోక ముడుచుకొని దూరిపోయింది.
దానికది ఇల్లు.

పై మలుపు కాడ గార్డు ఈల వేసినాడు.
నీ భుజం పట్టుకొని బండెక్కినాను.
దావంతా ఖాళీ,
ముందర బండి లేదు, మనిషి లేడు, కోతి కూడా లేదు.
అయినా హారన్ కొట్టినావు,
రెండుసార్లు.