అడ్డపొగ

భుజంగరావు గారి యాట్ పేరు పిచ్చిక.
షిప్‌యార్డులో ముప్పైయేళ్లు పరాయివాళ్ల ఓడలు అతికి
రిటైరయ్యాక సొంతానికి అతుక్కున్నది అదొక్కటే.
నెలకో ఆదివారం దాని కడుపులో
మడతకుర్చీ ఒకటి, స్టెరిలైజర్ బదులు ప్రెషర్ కుక్కరు,
పళ్లు పీకే పట్టకార్లు పదకొండు,
వాంతి చేసుకుంటూ నేను.

"నీళ్లని చూడకండి డాక్టరమ్మా, కొండని చూడండి" అంటారాయన.
చూస్తాను. డాల్ఫిన్ నోస్ వెనక్కి జరుగుతుంది.
స్టీల్‌ప్లాంటు పొగ చాలాసేపు మాతోపాటు వచ్చి
ఎక్కడో మనసు మార్చుకుని ఆగిపోతుంది.

తిప్పపాలెం మ్యాపులో దీవి కాదు.
వానలు పడి ఏరు పొంగితే, దీవే.
మళ్లీ నీళ్లు తీసేదాకా అక్కడికి రోడ్డుండదు,
అంబులెన్సు నంబరు మాత్రం ఉంటుంది,
బడి గోడ మీద, ఎర్ర పెయింటుతో.

వలలు ఆరేసే పందిరి కింద నలభైమంది.
ఫాతిమున్నీసా బీపీ చూస్తుంది, తిమోతి టార్చి పడతాడు.
గుంటలకి పుచ్చిన పాలపళ్లు.
వల అల్లేవాళ్లకి దారం కొరికి కొరికి
ముందు పళ్లలో సన్నటి గాడి.
పన్ను చూసి పని చెప్పేయగలను ఇప్పుడు.

పదిహేడో చీటీ, గరికిన కొర్లమ్మ.
"మూడేళ్లయి సలుపుతాంది. లవంగం ఎట్టినాను,
కిరసనాయిలు దూది ఎట్టినాను, ఏటీ తగ్గలేదు.
పీకీ అమ్మా."
పన్ను తేలిగ్గానే వచ్చింది,
ఎప్పుడో మూటాముల్లె సర్దుకుని కూచున్నట్టు.
అప్పుడు తిమోతి టార్చి కాస్త పైకి జరిగింది.

అంగిలి.
సున్నం కొట్టిన గోడలా తెలుపు,
మధ్యలో ఎర్రటి చుక్కలు,
ఒక మూల నాకు నచ్చని గరుకు.

"చుట్ట ఎటువైపు కాలుస్తావు?" అన్నాను, తెలిసే.
దూది మధ్య నుంచి నవ్వింది.
"నిప్పు లోపలికే కదేటి!
ఒడ్డున గాలి సూసినావా, బైటెడితే ఆరిపోదా?
నెత్తి మీద సేపల గంప, రెండు సేతులూ దాని మీదే.
నోరొక్కటే ఖాళీ."

అడ్డపొగ, అంగిలి, కాన్సరు:
కాలేజీలో ఐదు మార్కుల ప్రశ్న.
గాలికి ఆరకుండా దీపాన్ని నోట్లో మోసుకెళ్లిన మనిషి
ఆ పేజీలో లేదు.
మానెయ్యమన్నాను. గట్టిగానే అన్నాను.
దీపం అని మాత్రం అనలేదు;
అంటే ఇంకోటి వెలిగిస్తుంది.

గురువారం కేజీహెచ్‌కి రా, ముక్క తీసి చూడాలి అని
చీటీ రాసిస్తే మడిచి రవికలో దోపుకుంది.
"మరి నా పన్నియ్యి."
మనవడి వలకి సీసపు గుండొకటి ఊడిపోయిందట,
దానికి బదులు కడుతుందట.
ఇచ్చాను. నిజంగా కట్టిందో, నన్ను ఆటపట్టించిందో.

తిరిగొచ్చేసరికి రాత్రి.
కొండ మీది లైట్‌హౌసు వెలుతురు
మా తలల మీంచి వెళ్లిన ప్రతిసారీ
తెరిచిన నోరొకటి కనిపించి మూసుకుంది.

గురువారం రెండింటి దాకా ఓపీ గేటు దగ్గర నిలబడ్డాను.
రాలేదు.
"ఏరు పోటు మీదుందమ్మా" అన్నారు భుజంగరావు గారు ఫోన్లో.
ఓదార్చారో, వాతావరణం చెప్పారో.

శుక్రవారం పొద్దున్నే
నా గది ముందు బెంచీ మీద కొర్లమ్మ.
మోకాళ్ల దాకా బురద ఆరిన చీర,
పేపర్లో చుట్టిన వంజరం,
చెవి మీద వెలిగించని చుట్ట.
"బేగి సూడు, మజ్జానం పడవుంది" అంది.
నేను లైటు వెయ్యకముందే
నోరు తెరిచింది.