సగం ప్యాకెట్

ఆదోని, జిన్నింగు మిల్లు గేటు కాడ
షిఫ్టు వదిలిన పొద్దు.
ట్యాబులో ఇరవై రెండు ప్రశ్నలు,
ఒక్కోదానికీ ఐదు చుక్కలు.

ఉరుకుందమ్మ కొప్పు నిండా దూది పింజలు.
"ఈ షాంపూ నురగ మీకెంత నచ్చింది?"
నా వేలు చూసింది, తెర చూసింది.
"నువ్వే ఏదో ఒగటి నొక్కుకో నాయనా."

మూడు నొక్కినాను.
మూడంటే ఏమీ కాదని
మా ఆఫీసులో అందరికీ తెలుసు.

రికార్డరు పెడితే గొంతే మారిపాయె,
పంచాయితీలో సాక్ష్యం చెప్పినట్టు:
"ఇంట్లో ఎప్పుడూ ఉండాది సార్."
యాప్ రాసుకుంది: ఉండదు.
సీమ దీర్ఘాన్ని ఒకదాన్ని మింగి
మనిషి మాటను తిరగేసింది.

ట్యాబు సంచిలో పెట్టేసినాను.
టీ బంకు అరుగు మీద కూర్చున్నాం.
రెండో గుక్కకు, నేనేమీ అడగకనే,
కొంగు ముడి విప్పింది.
సగం వాడిన ప్యాకెట్టు,
నోరు మడిచి పిన్నీసు గుచ్చి.

"సగమైతే సాలప్పా.
నురగెక్కువైతే కడుక్కోనీకి నీళ్లేవి?
నాలుగు దినాలకోసారి కొళాయి.
మీ టీవీలో పిల్ల
ఏ ఊరి నీళ్లతో పోసుకుంటాదో!"
నవ్వింది. నేను రాసుకోలేదు,
రాస్తే ఆ నవ్వు ఆగిపోతుందని.

రాత్రి లాడ్జిలో
'ఇతరములు' గడికి నలభై అక్షరాలే.
నురగ తగ్గించండి, నీళ్లు లేవు అని కొట్టినాను.
మేనేజరు ఫోను:
"నీళ్లు మన ప్రోడక్టు కాదు కదా?"

ట్యాబును చార్జింగుకు పెట్టి
బాత్రూములో బకెట్టు
ఎంతవరకుందో చూసుకున్నాను.