చెదలు తిన్న పుస్తకాలు

ఎండకాలం స్టాక్ లెక్క.
మట్టెవాడ లైబ్రరీల బీరువాలన్నీ దించి
నేనూ, అటెండర్ ఐలోనీ దుమ్ము తాగుతున్నం.

నూట పదకొండో నంబరు కాడ వేలు ఆగింది.
పాత రిజిస్టరు. ఉర్దూ అంకెలు, తెలుగు పేర్లు.
1357 ఫసలీ, బహమన్ నెల, ఆరో తారీఖు:
ముప్పై రెండు పుస్తకాలు. ఎదురుంగ ఒకటే మాట,
"చెదలు తిన్నయి."
సంతకం గట్టయ్య, గుమాస్తా.

ఒక్క దినంల ముప్పై రెండు!
ఉర్దూ బీరువా ముట్టకుండ
తెలుగు సంపుటాలే ఏరుక తిన్నయంటే
గా చెదలకు అక్షరాలు గూడ వచ్చుంటయి.
"తెల్లారి అమీను సాబు సోదాకొస్తడని
ముందే తెలిసిన చెదలు సార్" అన్నడు ఐలోని.

వాళ్ల తాత మగ్గం కొత్తవాడల.
జంపఖానాల చుట్టి, కాళ్లాడే గుంతల దించి,
మీద చెక్క పరిచి
పది నెలలు పుస్తకాల మీద కాళ్లు పెట్టి నేసిండట.
గుంతల దిగినప్పుడల్లా మొదట్ల దండం పెట్టేటోడట,
తర్వాత పనిల పడి మరిచిండట.

ముప్పై తిరిగొచ్చినయి.
నూట పదిహేడు తెరిస్తే ఎర్ర నూలుపోగు జారింది.
అంచుకు పసుపు వేలిముద్ర,
అచ్చు చూసి దిద్దిన 'ల', కొట్టేసిన 'ల', మళ్లీ 'ల'.
ఇరవై పేజీలు దాటినంక, వంకరగ: లసుమవ్వ.
"మా నాయినమ్మ. బడి మొకం చూడలే."

రెండు పుస్తకాలు ఇయ్యాల్టికీ లేవు.
గట్టయ్య అబద్ధాన్ని దిద్దకుండ అట్లనే ఉంచిన.
సభ్యుల జాబితాల మాత్రం
రెండు గీతల నడుమ జాగ చేసి
పెన్సిలుతోని ఒక పేరు రాసిన.

ఐలోని మెడ సాపి చూసిండు.
"సార్, 'వ' కింద వత్తు మర్చిపోయిన్రు."