చుక్క తర్వాత

పంటు దిగి తిన్నగా ఇటే వచ్చినట్టుంది,
కుచ్చిళ్లకంటిన రేవు బురద ఇంకా ఆరలేదు.
కొల్లాటి వరమ్మ. సఖినేటిపల్లి అవతల లంక.
సంచిలోంచి సీడీ తీసింది,
ఎండలోంచి అప్పడం తీసినట్టు, అంచులు పట్టుకుని.
సీడీ పెట్టే కంప్యూటరు
నరసాపురం స్టేషన్ రోడ్డులో నాదొక్కటే మిగిలింది.

"లేసు ఏజెంటు కొట్టు ఎత్తేశాడు బాబూ.
మూడు నెలల కూలి అడిగితే
ఇది చేతిలో పెట్టి, నీ పనంతా ఇందులోనే ఉందన్నాడు.
లెక్కలయ్యుంటాయి. చూసి పెట్టు."

ఉన్నది ఒకే ఒక్క ఫైలు.
పదకొండు అనే అంకె, ఒక చుక్క,
చుక్క తర్వాత డీ, ఏ, టీ.

మనకి ఇంటిపేరు ముందుంటుంది, ఫైళ్లకి చివర.
ఈ ఇంటిపేరు వాళ్లు మాత్రం ఊరికొకరు,
ఒకరికొకరు చుట్టరికం లేదు,
పురుడూ లేదు, మైలా లేదు.

ఒకప్పుడు నా దగ్గరికొచ్చిన డీఏటీలన్నీ పెళ్లిళ్లే.
బ్యాండు మేళం, జీలకర్రా బెల్లం,
మూడో వరసలో ఆవలించే మేనమామ.
అలవాటు కొద్దీ వీడియో ప్లేయరుకిచ్చాను.
నల్లటి కిటికీ ఒకటి తెరుచుకుని
ఏమీ అనకుండా మూసుకుంది.
నోట్‌ప్యాడ్‌లో ఒంపితే
గళ్లు, గీతలు, ప్రశ్నార్థకాలు,
వరద తీశాక కంచెకి చిక్కుకున్న చెత్త.
చివరి మూడక్షరాలూ మార్చి చూశాను.
ఖాతా పుస్తకమని పిలిచినంత మాత్రాన
ఖాతాలు చెబుతుందా?
పాడైపోయిందేమో, అంది ఎక్సెల్.

పాడవలేదు.
నేనే వేరే ఎవరి పేరుతోనో పిలుస్తున్నాను.

"కరెంటు పోయేలోపు అవుద్దా?" అంది వరమ్మ.

మామిడిపండుని ముచ్చిక దగ్గర వాసన చూసినట్టు
ఫైలుని మొదటి బైట్ల దగ్గర చూడాలి.
చూశాను. చిన్న చిన్న అంకెలు, జంటలు జంటలుగా.
కుడికి మూడు, కిందకి ఒకటి,
ఎడమకి రెండు, పైకి
ఎవరో నడుస్తున్నారు.
అతి చిన్న అడుగులు,
వెళ్లిన చోటికే మళ్లీ వస్తూ.

ఎంబ్రాయిడరీ మిషన్లు తినే ఫైళ్లకీ ఇదే ఇంటిపేరని
భీమవరంలో జాకెట్లు కుట్టే నాగూరు
ఎప్పుడో టీ తాగుతూ అన్న మాట.
ఊరికే దొరికే కన్వర్టరొకటి దించి
బొమ్మగా మార్చమన్నాను.
సగం దాకా వచ్చి ఆగింది. మళ్లీ కదిలింది.

తెర మీద ఒక పువ్వు.
ఎనిమిది రేకలు, మధ్యలో సాలెగూడు.

వరమ్మ కుర్చీలోంచి లేచింది.
తెర మీద వేలానించి గొలుసులు లెక్కపెట్టింది,
పెదాలు కదుపుతూ, నన్ను మర్చిపోయి.
అయిదో రేక దగ్గర వేలు ఆగింది.
"ఇక్కడొక గొలుసు తక్కువ, చూశావా?
డజనుకొకదానికి నేనే తగ్గిస్తాను,
నా ముక్క నాకు తెలియాలని.
మిషనుకి అది కూడా నేర్పేశాడు."

కన్వర్టరు తెగిన చోట దారాలు కలపలేక
పువ్వు మీదుగా అడ్డంగా తిన్నటి గీతలు లాగింది.
అవి నావి కావు, తీసెయ్యమంది.
తీశాను, ఒక్కొక్కటీ, నలభై రెండు.

"మరి కూలి లెక్క?"
లేదన్నాను.
బయట రిక్షావాడు ఎవరినో రేవుకా రేవుకా అని పిలుస్తున్నాడు.
రెండోసారి అడగలేదావిడ.

పేరు మార్చొచ్చా అంది కాసేపటికి.
చుక్కకి ముందు ఏదైనా పెట్టుకోవచ్చు,
తర్వాతది ముట్టుకోకూడదన్నాను.
"అయితే ముందు నా పేరు కొట్టు. ఇంటిపేరుతో సహా."

కొట్టాను. కాగితం మీద పువ్వు అచ్చు తీసిచ్చాను.
ఇరవై రూపాయలు అడగడానికి నోరు రాలేదు.
ఆవిడే చిల్లర ముడి విప్పి
బల్ల మీద ఒక్కో బిళ్లా పేర్చి వెళ్లింది.

పంటు కూత వినబడ్డాక ఎంచాను.
పందొమ్మిది.